వల కట్టని సాలీడుకు పట్టు ఎందుకు?

హిందూపురం ప్రాంతంలో పెరిగినవాళ్లకు పట్టు అనగానే మల్బరీ తోటలు, చంద్రికలనే వెదురు తట్టల మీద గూడు కట్టుకునే పురుగులు, గూళ్ల మూటలతో మార్కెట్టుకు బయలుదేరే రైతులు గుర్తుకు వస్తారు. మా ఇంట్లోనూ కొన్నేళ్లపాటు పట్టుపురుగులను పెంచారు. ఆ పరిచయం వల్లనే కాబోలు, ఇతర జీవులలో పట్టు ఎలా పుడుతుంది, అవి దానిని ఏం చేసుకుంటాయి అన్న విషయం మీద నాకు చాలాకాలంగా ఆసక్తి ఉంది. సాలీళ్ల పట్టు గురించి వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ అది ఉక్కుకు సమానమైన గట్టిదనం గలదని మెచ్చుకుని ఊరుకుంటాయి. ఆ మెప్పు గుండ్రని వలలు అల్లే సాలీళ్లకు చెందినది. ఒళ్లంతా వెంట్రుకలతో, అరచేయంత ఉండే టరాంటులాలు అటువంటి వల అల్లవు. మాటు వేసి, దగ్గరికి వచ్చిన పురుగు మీదికి దూకి, కోరలతో పట్టుకుంటాయి. అయినా గుడ్డులో నుంచి వచ్చిన నాటి నుంచి చివరి వరకు వాటి జీవితంలో పట్టుతో పని పడని దశ ఒక్కటీ లేదు. పట్టు అంటే వేటకు పనికివచ్చే సాధనం అన్న అభిప్రాయాన్ని కాస్త పక్కన పెట్టి చూస్తేనే ఈ జీవి మనకు అర్థమవుతుంది.

ముందుగా పట్టు ఎలా తయారవుతుందో చూద్దాం. పట్టుపురుగులో పట్టు గ్రంథులు రెండే ఉంటాయి. అవి లాలాజల గ్రంథులు మార్పు చెంది ఏర్పడినవి కాబట్టి పట్టు నోటి దగ్గరి సన్నని రంధ్రం గుండా బయటకు వస్తుంది. రెండు పోగులు కలిసి ఒకటిగా వస్తాయి. వాటిని సెరిసిన్ అనే జిగురు అతికి ఉంచుతుంది. గూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీసేటప్పుడు మెత్తబడేది ఆ జిగురే. పైగా పట్టుపురుగు ఈ పనిని ప్రధానంగా గూడు కట్టే దశలోనే చేస్తుంది. రెండు మూడు రోజులు తల అటూ ఇటూ ఆడిస్తూ పోగు తీసి, గూటిలో తనను తాను మూసుకుంటుంది. టరాంటులాలో ఇవేవీ ఇలా ఉండవు. దాని పట్టు గ్రంథులు ఉదరంలో ఉంటాయి, వాటికి నోటితో ఏ సంబంధమూ లేదు, సెరిసిన్ వంటి పూత లేదు, పట్టు తీయడానికి ప్రత్యేకమైన వయసంటూ లేదు.

ఉదరం చివర, వెనుక వైపున, పట్టును బయటకు తీసే నాలుగు అవయవాలు ఉంటాయి. వీటిని స్పిన్నరెట్లు అంటారు. వాటిలో రెండు పొడవైనవి. ఒక్కొక్క దానికి మూడేసి కణుపులు ఉండటం వల్ల చేతివేళ్ల వలె ఎటు కావాలంటే అటు వంగుతాయి. మిగిలిన రెండు పొట్టివి, పొడవైన వాటి మధ్యలో ఒదిగి ఉంటాయి. టరాంటులాను పైనుంచి చూసినప్పుడు వెనుక తోకలాగా రెండు కొనలు కనిపించేది ఈ పొడవైన జత వల్లనే. తెలియనివాళ్లు వాటిని చూసి కొండి అనుకుని భయపడతారు. స్పిన్నరెట్ల అడుగుభాగం నిండా వెంట్రుకలను పోలిన సన్నని గొట్టాలు ఉంటాయి. ఒక్కొక్క గొట్టం లోపలి గ్రంథికి కలిసి ఉంటుంది, ఒక్కొక్క గొట్టం నుంచి ఒక్కొక్క పోగు వస్తుంది. ఆ పోగు మన తలవెంట్రుకలో పదోవంతు మందం కూడా ఉండదు.

గ్రంథిలో పట్టు ద్రవరూపంలో, చిక్కని ప్రోటీన్ ద్రావణంగా నిల్వ ఉంటుంది. ఈ ప్రోటీన్లను స్పిడ్రాయిన్లు అంటారు. బయటి గాలి తగిలి ఆరిపోవడం వల్ల ఆ ద్రవం దారమవుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అసలు పని అంతకు ముందే నాళంలో మొదలవుతుంది. ద్రవం సన్నని నాళం గుండా సాగే కొద్దీ దాని ఆమ్లత పెరుగుతుంది, లవణాల పాళ్లు మారతాయి, లాగుడు వల్ల ప్రోటీన్ అణువులు ఒకే దిశలో సర్దుకుంటాయి. అప్పటిదాకా ముడుచుకుని నీటిలో కరిగి ఉన్న గొలుసులు ఒకదాని పక్కన ఒకటి బిగుసుకుని, మళ్లీ నీటిలో కరగని పోగుగా మారిపోతాయి. ఇందులో లాగుడుకు ఉన్న పాత్రను గట్టిగా చెప్పాలి. సినిమాల పుణ్యమా అని సాలీడు పట్టును పిచికారీలాగా చిమ్ముతుందన్న నమ్మకం పిల్లల్లోనే కాదు, పెద్దల్లోనూ ఉంది. అది చిమ్మదు. పోగు కొసను ఏదో ఒక ఆధారానికి అంటించి, తాను కదిలి గానీ, స్పిన్నరెట్లను కదిపి గానీ దానిని బయటకు లాగుతుంది.

గుండ్రని వలలు అల్లే ఆడసాలీడులో ఏడు రకాల దాకా పట్టు గ్రంథులు ఉంటాయి. వేలాడటానికి ఒక రకం దారం, వలలో చుట్లు తిప్పడానికి సాగే మరో రకం, దాని మీద పూసే జిగురు, దొరికిన పురుగును చుట్టడానికి ఇంకొకటి, గుడ్ల సంచికి వేరొకటి, ఇలా ఒక్కొక్క పనికి ఒక్కొక్క పట్టు ఉంటుంది. టరాంటులా గ్రంథులు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. జిగురు లేదు, పెద్ద బరువును మోసే ప్రత్యేకమైన దారం లేదు. పోగు పోగుగా పోల్చి చూస్తే దీని పట్టు తక్కువ బలమైనదే. అయితే టరాంటులా పోగును విడిగా వాడే సందర్భాలు తక్కువ. అనేక పోగులను ఒక దాని మీద ఒకటి పరిచి, దుప్పటిలాంటి పొరను తయారుచేయడమే దాని పద్ధతి. అందువల్ల కొన్ని పుస్తకాలు ఈ పట్టును ‘వెనుకబడినది’ అన్నట్లు వర్ణించడం నాకు సమంజసంగా తోచదు. గోతి గోడను కప్పడానికి ఈ మెత్తని పొర సరిపోతుంది. గాలిలో ఎగిరే ఈగను ఆపాల్సిన అవసరం అక్కడ లేదు.

ఈ పద్ధతి చాలా పాతది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో గిల్బోవా అనే చోట దొరికిన ఆటెర్కోపస్ అనే శిలాజ జీవి సుమారు 38 కోట్ల ఏళ్ల నాటిది. దానిని మొదట అత్యంత ప్రాచీనమైన సాలీడుగా భావించారు. 2008లో జరిగిన పునఃపరిశీలనలో దానికి పట్టు తీసే గొట్టాలు ఉన్నాయి గానీ, వాటిని అటూ ఇటూ తిప్పగలిగే స్పిన్నరెట్లు లేవని తేలింది. గొట్టాలు ఉదరం అడుగున ఉన్న పలకల మీద వరుసగా ఉన్నాయి. అటువంటి శరీరంతో పట్టు పొరను పరచవచ్చు, గుడ్లను కప్పవచ్చు, కానీ లెక్క ప్రకారం దారాలు కలిపి వల అల్లడం కుదరదు. పైగా ఎగిరే పురుగుల శిలాజాలు ఇంతవరకు దొరికినవి దానికంటే కోట్ల ఏళ్ల తరువాతివి. ఎగిరే ఆహారమే లేనప్పుడు గాలిలో వల ఎందుకు? పట్టు మొదట ఇంటి కోసం, గుడ్ల కోసం పుట్టి, చాలాకాలం తరువాతే వేటకు పనికివచ్చిందని శాస్త్రవేత్తలు ఊహించడానికి ఇటువంటి కారణాలు ఉన్నాయి. టరాంటులాలు ఆ పాత వాడుకను ఈనాటికీ కొనసాగిస్తున్న వర్గానికి చెందినవి.

టెక్సస్‌లో ఉంటున్న మా మేనల్లుడి దగ్గర గ్రీన్‌బాటిల్ బ్లూ అని పిలిచే టరాంటులా ఒకటి ఉంది. వెనిజులాలోని పరాగ్వానా ద్వీపకల్పపు ఎండు నేలలు దాని స్వస్థలం. టరాంటులాలలో ఇంత విరివిగా పట్టు పరిచేవి తక్కువ. గాజు పెట్టెలో వేసిన ఎండుకొమ్మ మొదలు నుంచి మట్టి దాకా తెల్లని పొరలు, వాటి మధ్యలో సొరంగం వంటి దారి, ఆ దారికి రెండు మూడు వాకిళ్లు కనిపించాయి. “దానికి ఇల్లు ఎంత కట్టినా తృప్తి ఉండదు మామా, నెలకోసారి పెట్టె శుభ్రం చేస్తే మళ్లీ మొదలుపెడుతుంది” అన్నాడు. శుభ్రం చేయడం మానేస్తే సరిపోతుంది కదా అని నేను అన్నాను. ఆ మాట వాడికి అంతగా నచ్చలేదు.

ఆ రాత్రి అది పట్టు పరుస్తూ ఉండగా భూతద్దం పెట్టి చూశాను. ఉదరాన్ని కొంచెం పైకెత్తి, పొడవైన రెండు స్పిన్నరెట్లను చాచి, ఒకదాని తరువాత ఒకటిగా గోడకు తాకిస్తూ, గోడకు సున్నం కొట్టే కుంచె వలె ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు ఊపుతూ పోతోంది. తాకిన చోట పోగులు అంటుకుంటున్నాయి, స్పిన్నరెట్టు పైకి లేచినప్పుడు వెడల్పాటి పట్టీ మెరుస్తూ సాగుతోంది. ఒక్క దారం అంటూ విడిగా కంటికి కనిపించలేదు. రెండు స్పిన్నరెట్లు ఒకదానితో మరొకటి పని లేనట్లు వేర్వేరుగా కదిలాయి. ఒక చోట పొర పరిచాక వెనుక కాళ్లను కదిపి కాస్త పక్కకు జరిగి, మళ్లీ అదే కదలిక. అది చూసిన తరువాత టరాంటులాకు ‘నేత’ అన్న మాట వాడటం నాకు కాస్త అతిగానే అనిపిస్తోంది. అక్కడ పడుగూ లేదు, పేకా లేదు, ఉన్నది పూత మీద పూత.

మరునాడు వాడు దానికి ఒక చిమ్మెటను వేశాడు. పట్టుకోవడం క్షణంలో అయిపోయింది. ఆ తరువాత అది చిమ్మెటను కోరలతో పట్టుకునే, కాళ్లను నేలకు బాగా చాచి, ఉన్నచోటనే నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ నేల మీద పట్టు పరిచింది. టరాంటులాలను పెంచేవాళ్లు దీనిని సరదాగా ఆనంద నృత్యం అంటారు. అది ఆనందమో కాదో గానీ, దాని ప్రయోజనం కంటికే తెలుస్తుంది: తినే పదార్థానికి మట్టి అంటకుండా, ముక్కలు చెల్లాచెదురు కాకుండా, కింద చాప పడుతుంది. తిన్న తరువాత మిగిలిన పిప్పిని కూడా పట్టుతో ఉండ చేసి ఒక మూలన పడేస్తుంది.

నేలలో బొరియ చేసుకుని ఉండే టరాంటులాలకు పట్టు మొదటి ప్రయోజనం గోడలకు పొర వేయడం. పట్టు పొర మట్టి రాలకుండా ఆపుతుంది, నున్నని గోడల మీద కాళ్లు నిలిచేలా చేస్తుంది. బొరియ నోటి దగ్గర ఆ పొర బయటికి పరుచుకుని, కొన్ని జాతులలో చుట్టూ నేల మీద కొంత దూరం దాకా పోగులుగా సాగుతుంది. సాలీడు రాత్రివేళ వాకిట్లోకి వచ్చి, కాళ్ల కొనలను ఆ పోగుల మీద ఉంచి కూర్చుంటుంది. సాలీళ్ల కాళ్ల మీది పైపొరలో సన్నని చీలికల వంటి జ్ఞానేంద్రియాలు ఉంటాయి. కాలు ఏమాత్రం వంగినా, అదిరినా ఆ చీలికలు దానిని పసిగడతాయి. టరాంటులాకు 8 కళ్లు ఉన్నా చూపు అంతంత మాత్రమే. కాబట్టి పోగును తొక్కిన పురుగు తన రాకను తానే చెప్పుకున్నట్లు అవుతుంది. దీనిని వల అనలేము, పురుగు ఇందులో చిక్కుకోదు. అయినా సాలీడు చేతికి అందే దూరాన్ని ఇది పెంచుతుంది.

టెక్సస్, ఓక్లహోమా ప్రాంతాలలోని గోధుమరంగు టరాంటులా పగటిపూట బొరియ వాకిలికి పలుచని పట్టు తెర వేస్తుంది. మా మేనల్లుడు ఊరి శివారులో అటువంటి బొరియను చూపించాడు. రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దదైన గుండ్రని రంధ్రం, అంచులు నున్నగా ఉన్నాయి, దాని మీద పొగ గడ్డకట్టినట్లు సన్నని తెర, ఆ తెర మీద ఎండిన గడ్డి పరక ఒకటి. లోపల సాలీడు ఉందని చెప్పడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. ఖాళీ బొరియకు తెర ఉండదు. చలికాలంలో ఇదే జాతి మట్టిని, పట్టును కలిపి వాకిలిని బిగించి, లోపలే ఉండిపోతుంది.

మన రాష్ట్రానికి చెందిన టరాంటులా సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. గుత్తి పేరు ప్రపంచంలోని సాలీళ్ల అభిమానులందరికీ తెలుసునని చెబితే గుత్తి వాళ్లే నమ్మరు. ముదురు నీలి రంగులో మెరిసే ఈ టరాంటులాను 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త రెజినాల్డ్ పోకాక్ వర్ణించి, పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆయనకు అందిన నమూనా గుత్తిలో రైల్వే కలప ఉంచే చోట దొరికింది. ఆ తరువాత సుమారు నూరేళ్లపాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాలకు, గిద్దలూరుకు మధ్య ఉన్న అడవిలో మళ్లీ కనిపించింది. అది గుత్తికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉండటం వల్ల, తొలి నమూనా కలప దుంగల వెంట రైలులో గుత్తికి చేరి ఉంటుందని భావిస్తున్నారు. 2008 నాటి అంచనా ప్రకారం అది నివసించే ప్రాంతం 100 చదరపు కిలోమీటర్లకు మించదు. ఆ ఏడే ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీనిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. 2019లో దీని ప్రజాతి మొత్తాన్ని వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు.

గుత్తి టరాంటులా నేలలో బొరియ చేయదు. ఎత్తయిన పాత చెట్ల తొర్రలలో ఉంటుంది, తొర్ర నోటి దగ్గర ఒక పక్కకు ఒరిగిన గరాటు ఆకారంలో పట్టు కడుతుంది. దీని దగ్గరి బంధువులు కూడా చెట్ల మీదనే ఉంటాయి. బెరడు తునకలను, ఎండుటాకుల పొడిని పట్టుతో కలిపి వాకిలికి తెరగా పరచడం వాటి అలవాటు. దూరం నుంచి చూసినవాళ్లకు అది చెట్టు మీద పేరుకున్న చెత్తలాగానే ఉంటుంది. తొర్ర అంటే ఏళ్ల తరబడి నిలిచిన చెట్టులోనే ఏర్పడేది. పడిపోయిన చెట్టు స్థానంలో మొక్క నాటి లెక్క సరిచేసినంత మాత్రాన ఈ సాలీడుకు చోటు దొరకదు. సాలీడు తన చుట్టూ పట్టు పరచుకోగలదు గానీ, పట్టుతో తొర్రను పుట్టించలేదు.

కుబుసం విడవడానికి ముందు కూడా టరాంటులా నేల మీద దట్టమైన పట్టు చాప పరుస్తుంది, దాని మీద వెల్లకిలా పడుకుంటుంది. మొదటిసారి చూసినవాళ్లు చచ్చిపోయిందని అనుకుంటారు. గంటల తరబడి సాగే ఈ పనిలో కోరలు సహా పై తొడుగంతా ఊడి వస్తుంది. కొత్త తొడుగు ఇంకా మెత్తగా ఉన్నప్పుడు చీమ కూడా శత్రువే కాబట్టి కింద చాప అవసరమవుతుంది. స్పిన్నరెట్ల మీది గొట్టాలు కూడా పాత కుబుసంతో పోయి కొత్తవి వస్తాయి.

పట్టు వాడకంలో నాకు అన్నింటికంటే విచిత్రంగా తోచేది మగసాలీడు చేసే పని. మగ టరాంటులా చివరి కుబుసం విడిచిన తరువాత దాని ముఖం పక్కన ఉండే పాల్పుల కొనలలో చిన్న బుడ్డి వంటి అవయవాలు ఏర్పడతాయి. ఆడదానికి వీర్యాన్ని అందించవలసినవి అవే. కానీ వీర్యం తయారయ్యేది ఉదరంలో, బయటకు వచ్చేది ఉదరం కింది రంధ్రం గుండా. ఆ రంధ్రానికి, పాల్పులకు మధ్య శరీరం లోపల ఏ నాళమూ లేదు. ఈ ఎడాన్ని పట్టుతో దాటుతుంది. మొదట నేలకు, పక్కనున్న గోడకు మధ్య ఏటవాలుగా పట్టు దుప్పటిని కడుతుంది. తరువాత దాని కిందికి దూరి, వెల్లకిలా తిరిగి, దుప్పటిలో చిన్న భాగాన్ని మరింత దట్టం చేస్తుంది. ఉదరం కింద, జననేంద్రియ రంధ్రం ముందు, ఈ పనికోసం మగవాటికి మాత్రమే ఉండే ప్రత్యేకమైన పట్టు గొట్టాలు ఉంటాయి. దట్టం చేయడంలో ఆ పట్టు కలుస్తుంది. ఆ భాగం అడుగున వీర్యపు బొట్టును ఉంచి, బయటకు వచ్చి, దుప్పటి పైకి ఎక్కి, అంచు మీదుగా పాల్పులను కిందికి చాచి, ఒకదాని తరువాత ఒకటి ఆ బొట్టులో ముంచుతూ బుడ్డిలోకి పీల్చుకుంటుంది. పని ముగిశాక చాలాసార్లు ఆ దుప్పటిని చించి పారేస్తుంది. ఇదంతా చీకట్లో, ఎవరూ చూడని వేళ, కొన్ని గంటలపాటు సాగుతుంది.

ఆ తరువాత అది ఆడదాన్ని వెతుకుతూ బయలుదేరుతుంది. ఇక్కడ కూడా దారి చూపేది పట్టే. ఆడసాలీడు బొరియ వాకిట పరిచిన పట్టులో రసాయన సంకేతాలు ఉంటాయి. మగసాలీళ్ల కాళ్ల కొనల మీద, పాల్పుల మీద రుచి చూడగలిగే వెంట్రుకలు ఉంటాయి కాబట్టి, పట్టును తాకగానే లోపల ఉన్నది తన జాతి ఆడదేనా అన్నది తెలిసిపోతుంది. వెంటనే ఒళ్లు కంపింపజేస్తూ, పాల్పులతో నేలను దరువు వేస్తూ తన రాకను తెలుపుతుంది. ఆ అదురు నేల గుండా బొరియలోకి చేరుతుంది. ఇష్టం ఉంటే ఆడది కూడా లోపలి నుంచి దరువుతో జవాబిస్తుంది. ముందుగా ఈ పరిచయం జరగకుండా వాకిట్లోకి అడుగుపెట్టిన మగసాలీడు ఆహారం కింద లెక్క.

గుడ్ల సంచి విషయానికి వస్తే, ఆడసాలీడు ముందు ఒక పట్టు పరుపు పరిచి, దాని మీద గుడ్లు పెట్టి, పైన మరో పొర కప్పి, అంచులను పీకి దగ్గరికి చేర్చి ఉండ చేస్తుంది. చాలా జాతులు ఆ ఉండను కోరలతోనూ, పాల్పులతోనూ పట్టుకుని అప్పుడప్పుడు తిప్పుతూ కాపలా కాస్తాయి. మరికొన్ని ఊయల మాదిరిగా బొరియ గోడకు కట్టి ఉంచుతాయి. దక్షిణ అమెరికాకు చెందిన గోలియత్ టరాంటులా తన ఉదరం మీది దురద పుట్టించే వెంట్రుకలను రాల్చి గుడ్ల సంచి పట్టులోనూ, కుబుసం విడిచే చాపలోనూ కలుపుతుంది. గుడ్లను తినడానికి వచ్చే ఈగల పిల్లపురుగులకు ఆ పొరను దాటడం కష్టమని 1990లో ప్రచురితమైన ప్రయోగాలు చూపించాయి. మన దేశపు టరాంటులాలకు ఆ వెంట్రుకలు లేవు. గుత్తి సాలీడు గుడ్లకు పట్టు, తల్లి కోరలు మాత్రమే రక్ష.

ఇక కాళ్ల పట్టు వివాదం. టరాంటులా పట్టు గురించి ఏ నాలుగు చోట్ల చదివినా రెండు చోట్ల ‘టరాంటులాలు కాళ్ల నుంచి కూడా పట్టు తీస్తాయి’ అన్న వాక్యం కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న కథ ఆ వాక్యంలో ఇమడదు.

2006లో స్టానిస్లావ్ గోర్బ్, ఆయన సహచరులు నేచర్ పత్రికలో ఒక చిన్న పరిశోధనా పత్రం ప్రచురించారు. మధ్య అమెరికాకు చెందిన చారల టరాంటులాను నిలువు గాజు పలక మీద నడిపించినప్పుడు, అడుగులు జారిన చోట గాజు మీద పట్టు వంటి పోగులు మిగిలాయి. పాదాల మీద గొట్టాల వంటి నిర్మాణాలు కూడా కనిపించాయి. బరువైన సాలీడు నున్నని గోడ మీద నుంచి పడితే ఉదరం పగిలి చనిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, పాదాల నుంచి వచ్చే పట్టు దానిని పట్టి నిలుపుతుందని వారు వాదించారు. వినడానికి ఎంతో బాగుంది. పత్రికలన్నీ ఎత్తి రాశాయి.

2009లో ఉరుగ్వేకు చెందిన ఫెర్నాండో పెరెజ్-మైల్స్ బృందం అదే పత్రికలో దీనిని ప్రశ్నించింది. వారు చేసిన పని చాలా తేలికైనది: సాలీడు స్పిన్నరెట్లను మైనంతో మూసివేసి మళ్లీ గాజు మీద వదిలారు. పాదముద్రలలో పట్టు కనిపించలేదు. పైగా నడిచేటప్పుడు వెనుక కాళ్లు స్పిన్నరెట్లను రాసుకోవడం కూడా వారు గమనించారు. కాలికి అంటిన పట్టు కాలి నుంచే పుట్టినట్లు కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అంతటితో ఆగలేదు. 2011లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లేర్ రిండ్ బృందం, సాలీళ్లను గాజు పలకల మీద ఉంచి పెట్టెను నిలువుగా తిప్పి, మెల్లగా కదిపి, జారిన చోట మాత్రమే సన్నని పోగులు మిగులుతున్నాయని చెప్పింది. ఆమె పరిశీలించిన వాటిలో తన పెంపుడు టరాంటులా విడిచిన కుబుసాలు కూడా ఉన్నాయి. పాదాల వెంట్రుకల మధ్య గొట్టాలు ఉన్నాయని ఆమె పత్రం పునరుద్ఘాటించింది. ఆ మరుసటి సంవత్సరమే రెండు జవాబులు వచ్చాయి. సాలీళ్ల శరీర నిర్మాణంపై పేరెన్నికగన్న రైనర్ ఫోలిక్స్, ఆయన సహచరులు ఆ గొట్టాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, అవి పట్టు గొట్టాలు కావని, కొనలో రంధ్రం ఉండే రుచి వెంట్రుకలై ఉండవచ్చని రాశారు. పెరెజ్-మైల్స్ బృందం అమెరికా ఖండాలకు చెందిన నాలుగు జాతులతో మళ్లీ ప్రయోగం చేసి, కాళ్ల నుంచి పట్టు రావడం లేదని తేల్చింది.

ఇన్ని పత్రాలలో నన్ను ఒప్పించినది మైనం ప్రయోగమే. ఒక అవయవం నుంచి ఏదో వస్తోందని చెప్పదలచినప్పుడు, అది రావడానికి అవకాశం ఉన్న మరో అవయవాన్ని మూసి చూడటం కంటే నేరుగా ఉండే పరీక్ష ఇంకొకటి ఉండదు. 2006 నాటి పత్రంలో ఆ పరీక్ష లేదు. ఫోలిక్స్ వివరణ కూడా మగసాలీడు విషయంలో పైన చెప్పుకున్న దానితో సరిపోతుంది: పాదంతో రుచి చూసి ఆడదాని పట్టును గుర్తుపట్టే జీవికి పాదాల మీద రంధ్రం గల రుచి వెంట్రుకలు ఉండి తీరాలి. నున్నని గోడ మీద టరాంటులాను నిలిపేది పాదాల అడుగున కుచ్చుగా ఉండే సన్నని వెంట్రుకలు. వాటి కొనలు ఇంకా సన్నని పాయలుగా చీలి ఉపరితలాన్ని అంటుకుంటాయి. మా మేనల్లుడి పెట్టెలో ఆ నీలి కాళ్ల సాలీడు గాజు గోడ ఎక్కినప్పుడు నేను చూసినది కూడా ఇంతే: ముందు కాళ్ల జాడలు గాజు మీద ఏమీ లేవు, వెనుక కాళ్లు ఆనిన చోట రెండు మూడు పోగులు తళుక్కుమన్నాయి, ఆ వెనుక కాళ్లకు కాస్త పైనే స్పిన్నరెట్లు గాజును తడుముతూ ఉన్నాయి.